బషీర్‌బాగ్ నుంచి శ్రీశైలం దాకా... మా పాత జీపు!

ఈ వారం మిమ్మల్ని మా పేటకు తీసుకొస్తాను. దూరమేం కాదు లెండి, బషీర్‌బాగే! బషీరుద్దౌలా అన్న బిరుదున్న నవాబు అస్మాన్ జా కట్టించుకున్న ప్యాలెస్ వల్ల వచ్చిన పేరిది. ఇప్పుడా ప్యాలెస్ లేదు, తోటా లేదు. ఉన్నవల్లా ఆఫీసులు, ఫ్లైఓవరు, సిగ్నళ్ళు. ఆ సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి, మా మామగారి జీపు లీటరు డీజిల్‌కి ఎనిమిది కిలోమీటర్లు దాటేది కాదు.

మహీంద్రా ఎం.ఎం.540. ప్యూజో డీజిల్ ఇంజను, అవసరమైతే నాలుగు చక్రాలూ లాగే బండి. ఇనప బీరువాకి చక్రాలు తగిలించినట్టుంటుంది. డీజిల్ లీటరు 95 రూపాయలు దాటాక మావారు ఒకరోజు, “ఇంక అమ్మేద్దాం నాన్నా, రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కూడా దగ్గరికొస్తోంది” అన్నారు. మామగారు ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు సగంలోనే కింద పెట్టి లోపలికెళ్ళిపోయారు. నాకు మనసు చివుక్కుమంది. ఇంటి లెక్కలు రాసేదాన్ని నేనే కదా! “ఒక్క నెల ఆగండి, అసలు డీజిల్ ఎటు పోతోందో చూద్దాం” అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఉంటే ముందు చేయాల్సింది లెక్క. ముల్లు చూసి అంచనా వేయకండి. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి. మళ్ళీ నింపేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి. కుదిరితే అదే బంకులో, అదే పంపు దగ్గర పోయించండి. ఇంకో సంగతి: ముచ్చటపడి కంపెనీ ఇచ్చినవాటి కంటే పెద్ద టైర్లు వేయించి ఉంటే మీటరు తక్కువ దూరం చూపిస్తుంది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళతో ఒకసారి సరిచూసుకోండి.

మా జీపు రోజువారీ దారి చూడండి. పొద్దున్నే నారాయణగూడ మార్కెట్‌కి కూరల కోసం. సాయంత్రం చిక్కడపల్లి. త్యాగరాయ గానసభలో ఏదైనా కార్యక్రమం ఉంటే మామగారు మానరు. వారానికి రెండుసార్లు అశోక్‌నగర్‌లో ఉన్న మా ఆడపడుచు ఇంటికి. కోచింగ్ సెంటర్ల పిల్లలతో ఆ రోడ్లు ఎప్పుడూ తిరునాళ్ళే! ఇవన్నీ బారెడు బారెడు దూరాలు. ఇంజను సరిగా వేడెక్కకముందే ఇల్లొచ్చేస్తుంది. చల్లటి ఇంజను తిండిపోతు. అందుకని మూడు పనులూ ఒకే తిప్పులో చేసుకోవడం మొదలుపెట్టాం. పెద్ద సిగ్నళ్ళ దగ్గర ఇంజను ఆపేయడం అలవాటు చేశాం. ఖాళీ గిన్నె పెట్టి స్టవ్ వెలిగించుకుంటామా ఏమిటి? (బ్యాటరీ బాగుంటేనే సుమండీ! లేకపోతే వెనక హారన్ల మోత మీరే భరించాలి.) 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీలు బ్రిడ్జి వచ్చాక, అటు వెళ్ళే పని ఉంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఇరుక్కోకుండా పైనుంచే పోతున్నాం.

అసలు దొంగ మాత్రం వేరే చోట దొరికాడు. ఒకరోజు నారాయణగూడ నుంచి రాగానే ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడితే పెనం సెగలా తగిలింది. మిగతా మూడూ గోరువెచ్చగా ఉన్నాయి. జాకీ ఎత్తించి చక్రాన్ని చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. అంతకుముందు బ్రేకులు సరిచేసిన మెకానిక్ ఒక పిసరు ఎక్కువే బిగించాడన్నమాట! ఇన్నాళ్ళూ మేం బ్రేకు పట్టుకునే బండి నడిపాం. మీరూ చూడండి, కానీ డ్రమ్మును మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.

తర్వాత గాలి వడకట్టే ఫిల్టరు శుభ్రం చేయించాం. అది మూసుకుపోతే డీజిల్ సరిగా మండక నల్లపొగ వస్తుంది. ఆ పొగ మన డబ్బే! ఫిల్టరు బాగున్నా పొగ ఆగకపోతే ఇంజెక్టర్లు, పంపు చూపించాలి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. జీపు వెనకాల ఏళ్ళుగా తిరుగుతున్న గునపం, పాత గొలుసులు, తుప్పు పట్టిన డబ్బాలు దింపేశాం. అవన్నీ ఎందుకున్నాయో మామగారికీ గుర్తులేదు.

ఇక గేరు రాడ్డు పక్కనుండే చిన్న రాడ్డు. నాలుగు చక్రాలూ లాగే ఆ ఏర్పాటు బురదకీ ఇసకకీ. పొడి తారురోడ్డు మీద అది వేసి ఉంచితే మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. డీజిల్ పోతుంది, టైర్లూ అరుగుతాయి. రెండు చక్రాల మీదే నడపాలి. కావాలంటే ముందు చక్రాలకు ఫ్రీవీలింగ్ హబ్బులు దొరుకుతాయి. అవి ఉంటే ముందు ఇరుసు ఊరికే తిరగడం కూడా తప్పుతుంది.

నెలాఖరుకి శ్రీశైలం బయల్దేరాం. చాంద్రాయణగుట్ట, తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి... రానూపోనూ దాదాపు 430 కిలోమీటర్లు. మావారిని యాభై దాటనివ్వలేదు. జీపు ముందుభాగం గోడలా ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ గాలిని తోయడానికే డీజిలంతా ఖర్చు. “ఎడ్లబండి కూడా దాటేస్తుంది మనల్ని!” అని ఆయన సణుగుడు. డిండి దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగి (రాత్రిపూట మూసేస్తారు, పగలే వెళ్ళండి) నల్లమల అడవిలోకి ప్రవేశించాక ఆ సణుగుడూ ఆగింది. పచ్చటి చెట్ల మధ్య యాభై కూడా ఎక్కువే!

దోమలపెంట తర్వాత డ్యాం కింది వంతెన దాకా ఘాట్ దిగాలి. ఇక్కడ డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయడం, ఇంజను ఆపడం మహా పొరపాటు. బ్రేకులు వేడెక్కి పట్టుతప్పుతాయి. గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే చాలు, ఇంజనులోకి డీజిల్ దాదాపు పోదు, బండినీ అదే పట్టి ఉంచుతుంది. ఈ సంగతి మామగారే చెప్పారు. పాతాళగంగ దగ్గర కృష్ణ కనబడేదాకా ఆయన అలా చెబుతూనే ఉన్నారు. నెల తర్వాత నోరు విప్పడం అదే!

ఇంటికొచ్చేముందు ట్యాంకు నింపించాం. పోయినేడు ఇదే యాత్రకి నా పద్దుపుస్తకంలో 45 లీటర్లు రాసి ఉంది. ఈసారి పట్టింది 35. ఊళ్ళో కూడా ఎనిమిది కాస్తా పదిన్నరకు వచ్చింది. మామగారు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, లెక్క తనే మళ్ళీ మొదటినుంచీ వేశారు. మావారు గుమ్మంలో నిలబడి, “రెన్యూవల్ కాగితాలెక్కడున్నాయి నాన్నా?” అని అడిగారు.