జనగామ నుంచి భూపాలపల్లి దాకా... ఈస్ట్‌మన్ కలర్ మట్టిబాట!

సినిమాలో హీరో పల్లెటూరికి వస్తాడు. బస్సు ఆగుతుంది, ఎర్రటి దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములోంచి హీరో దిగుతాడు. హాలంతా ఒకటే ఈలలు! ఆ దుమ్ము ఏ ఊరిదో, ఆ బాట ఎక్కడికి పోతుందో మాత్రం మనం అడగం. ఏళ్ల తరబడి సినిమాల గురించి రాసి బతుకుతున్న నేనూ అడగలేదు. ఫిబ్రవరి చివర్లో మా మేనల్లుడు ఊడిపడి, "మావయ్యా, అయిదు రోజులు సెలవు పెట్టు. నీ సినిమా దుమ్ము అసలు రంగేమిటో చూపిస్తా" అన్నాడు.

వాడికి సైకిలు పిచ్చి. వాడి దగ్గరున్నదాన్ని 'గ్రావెల్ బైక్' అంటారట. మన మాటల్లో చెప్పాలంటే మొరం సైకిలు. హ్యాండిలు రేసు సైకిల్లాగే కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం బాగా వెడల్పు. రేసు సైకిలు టైరు 25, 28 మిల్లీమీటర్లుంటే దీనిది 40. డిస్కు బ్రేకులు, గుట్ట ఎక్కడానికి తేలిక గేర్లు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో 2006లో మొదలైన 200 మైళ్ల మట్టిరోడ్ల పందెంతో ఈ సరదాకి బాగా పేరొచ్చింది. 2022లో ఇటలీలో ఏకంగా ప్రపంచ పోటీలే పెట్టారు.

"మన పాలవాళ్లు రెండు క్యాన్లు కట్టుకుని ఇదే పని ఎప్పటినుంచో చేస్తున్నార్రా! పేరు పెట్టుకోలేదంతే" అన్నాను. అని ఊరుకున్నానా? మా నాన్నగారి నల్ల సైకిలు దులిపి బయటికి తీశాను.

ఎర్ర రంగు

జనగామ స్టేషన్లో సైకిళ్లు దింపుకుని దక్షిణంగా దేవరుప్పుల దారి పట్టాం. తారురోడ్డు వదిలి డొంకలోకి తిరిగామో లేదో, కింద ఎర్రటి చలక నేల, పక్కన నల్లటి రాతిగుట్టలు, ఆ మధ్యలో తాటిచెట్లు! మేనల్లుడు దిగి తన టైర్లలో కొంత గాలి తీసేశాడు. గాలి తగ్గితే టైరు రాయిని ఎగరగొట్టకుండా ఒత్తుకుని పోతుందట. నా నల్ల సైకిలు ప్రతి రాయినీ పేరుపేరునా పలకరించింది. ఆ పలకరింపులన్నీ నా నడుముకి అందాయి.

కడవెండి చేరాక ఇద్దరం మాట్లాడటం మానేశాం. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య కూలిపోయింది ఈ ఊళ్లోనే. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ 'మా భూమి' చూసినవాళ్లకి ఆ పోరాటం గురించి చెప్పక్కర్లేదు. గద్దర్ తెరమీద పాడిన పాట ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది. కానీ హాల్లో కూర్చుని చూడటం వేరు, ఆ ఊరి మట్టి మీద సైకిలు నడిపించుకుంటూ పోవడం వేరు.

అక్కడినుంచి పాలకుర్తి. బసవపురాణం రాసిన సోమనాథుడి ఊరు. తన పొలం కోసం దొరకి ఎదురు తిరిగిన చాకలి ఐలమ్మ పోరాడిన గడ్డ కూడా ఇదే. కూతవేటు దూరంలో బమ్మెర, పోతన ఊరు. కె.వి. రెడ్డి మొదటి సినిమా 'భక్త పోతన'లో నాగయ్యగారు పోతనగా కనిపిస్తే జనం చేతులు జోడించారని మా తాతగారు చెప్పేవారు. మేం వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. పొలం గట్టు మీద ఒకాయన చెప్పులు విడిచి, మడికి నీళ్లు మళ్లిస్తున్నాడు. "ఏడికెంచి వస్తుండ్రు సారూ?" అని అడిగి, మా సమాధానం పూర్తిగా వినకుండానే మంచినీళ్ల సీసా చేతికిచ్చాడు.

నల్ల రంగు, పచ్చ రంగు

రాత్రికి తొర్రూరులో పడుకుని, మర్నాడు నెల్లికుదురు మీదుగా మహబూబాబాద్ వైపు బయల్దేరాం. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. ఎర్రమట్టి మధ్యలో అక్కడక్కడా నల్లరేగడి తగిలింది. ఎండాకాలం ముందు కాబట్టి సరిపోయింది. తడిస్తే ఈ రేగడి చక్రానికి పిండిముద్దలా చుట్టుకుని సైకిల్ని కదలనివ్వదు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కలర్ సినిమాలో కూడా అంత ఎరుపు చూడలేదు! తుమ్ములు మాత్రం ఉచితం.

మూడోరోజు బయ్యారం చెరువు. కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించిన చెరువిది. ఆమె వేయించిన శాసనం వల్లనే కాకతీయుల పాత తరాల పేర్లు కొన్ని చరిత్రకారులకి తెలిశాయి. ఆ కట్ట మీద, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పచ్చని వరి, సైకిలు తొక్కుతూ ఉంటే... ఏ డైరెక్టరూ ఇంకా ఇక్కడ పాట తీయలేదేమిటా అనిపించింది.

ఇంటర్వెల్

నాలుగోరోజు గూడూరు దాటాక అడవి దగ్గరపడింది. మోదుగ పూలు చెట్టు చెట్టుకీ నిప్పంటించినట్టున్నాయి. ఒక తండా ముందు నా సైకిలు 'ఉస్సు'మంది. తుమ్మముల్లు! మేనల్లుడి టైర్లలో ట్యూబు ఉండదు. ముల్లు దిగితే లోపలి జిగురు పాలు దానంతటదే కన్నం పూడుస్తాయి. నా సైకిలుకి ఆ భాగ్యం ఎక్కడిది?

"యాడీ, కొంచెం నీళ్లు కావాలి" అన్నాడు మేనల్లుడు. లంబాడీ భాషలో యాడి అంటే అమ్మ. ఒక ముసలావిడ బేసిన్లో నీళ్లు తెచ్చి పెట్టింది. ట్యూబు ముంచి, బుడగలు వెతుకుతూ, నేను సరదాగా అన్నాను: "ఎంత అందమైన బాట యాడీ! దీనికి తారు వెయ్యకుండా ఇట్లాగే ఉంటే బాగుండు."

ఆవిడ నవ్వలేదు.

"నీకేంది బిడ్డా, నువ్వు ఎల్లిపోతవు. నిరుడు వానకాలంల మా కోడలికి నొప్పులొస్తె ఆటో రాలె. మంచం మీదేసుకోని తారురోడ్డు దాక మోసిన్రు. మోకాళ్ల మట్టుకు బురద. మోసేటోళ్లు రెండుసార్లు జారిపడ్డరు."

నా చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది. "మరి... తల్లీబిడ్డా?"

"దేవుని దయ. గదిగో" అంది. గుమ్మంలో కోడలు, ఆమె చంకలో పాప. నా నల్ల సైకిల్ని చూసి పాప చేతులు ఆడించింది.

పంక్చరు వేసుకుని లేచాం. డబ్బులివ్వబోతే ఆవిడ కోప్పడింది. బయల్దేరుతుంటే అడిగింది: "రోడ్డు పడ్తదంటున్నరు. పడ్డంక గూడ వస్తరా? మట్టిబాట కోసమే వచ్చిన్రా?"

రెండో సగం

పాఖాల చెరువు దాకా ఇద్దరికీ మాటలు రాలేదు. ఇది వరంగల్ జిల్లాలో ఉంది. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు. గట్టున కూర్చున్నాక మేనల్లుడే మొదలెట్టాడు.

"ఇటలీలో టస్కనీ అని ఒక ప్రాంతం ఉంది మావయ్యా. అక్కడి తెల్లమట్టి బాటలకి తారు వేసేస్తుంటే, వాటిని కాపాడుకోవాలని 1997లో పాత సైకిళ్లతో ఒక యాత్ర పెట్టారు. ఇప్పుడు లోకమంతా అక్కడికి వెళ్తోంది. మనం కూడా ఇక్కడ అట్లా చెయ్యాలని నా కోరిక."

"చెయ్యి. కానీ ఏ బాట కాపాడాలో ఆ యాడిని అడిగి చెయ్యి" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "తండా నుంచి ఆస్పత్రికి పోయే బాటకి తారు పడాలి. చెరువు కట్ట, పొలాల మధ్య బండ్ల డొంక... ఇవి మట్టిగానే ఉండొచ్చు. అంతేనా?"

అంతే! అయిదు రోజుల్లో మేం నేర్చుకున్న పాఠం అదొక్కటే. మట్టిబాట మనకి అవుట్‌డోర్ లొకేషన్. అక్కడున్నవాళ్లకి అది బజారుకీ బడికీ ఆస్పత్రికీ దారి. షూటింగు అయ్యాక మనం పేకప్ చెప్పి వెళ్లిపోతాం. వాళ్లకి పేకప్ లేదు.

ఆఖరి రీలు: బూడిద రంగు

నర్సంపేటలో పడుకుని, అయిదోరోజు ములుగు మీదుగా గణపురం చేరాం. కోటగుళ్లు చూడకుండా పోవద్దు. ఒకే ప్రాకారంలో కాకతీయుల నాటి గుళ్లు ఇరవైకి పైగా ఉన్నాయి. కొన్ని కూలాయి, కొన్ని ఒరిగాయి. రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కాబట్టి బస్సులన్నీ అటు పోతాయి. ఇక్కడ మేమిద్దరం, నాలుగు మేకలు.

అక్కడినుంచి భూపాలపల్లి దగ్గరే. చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు దూరంనుంచే కనిపిస్తాయి. ఇది సింగరేణి బొగ్గు నేల. రోడ్డు అంచున దుమ్ము బూడిద రంగుకి తిరిగింది. జనగామలో ఎర్రగా బయల్దేరిన నా తెల్ల చొక్కా మీద ఇప్పుడు ఎన్ని రంగులున్నాయో! ఉతకొద్దని మా ఆవిడతో చెబుదామనుకున్నాను, ధైర్యం చాల్లేదు.

వెళ్లాలనుకునే కుర్రకారుకి నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లారుజామున బయల్దేరి ఎండ ముదిరేలోగా నీడ చూసుకోండి. జనగామకీ మహబూబాబాద్‌కీ రైలుంది. భూపాలపల్లి నుంచి వరంగల్ దాకా బస్సులో వచ్చి రైలెక్కాలి. అడవి లోపలి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా దిగొద్దు. భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద బొగ్గు లారీలతో పోటీ అసలొద్దు. ఇంకో పూట మిగిలితే రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఆదిమానవుల బొమ్మలు చూడండి. కల్లంలో మిరపకాయల మీదుగా మాత్రం సైకిలు పోనివ్వకండి. అది ఒకరి ఏడాది కష్టం.

అన్నట్టు, యాడి అడిగినదానికి ఆరోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక మేనల్లుడితో ఖాయం చేసుకున్నాను. ఆ తండాకి రోడ్డు పడ్డాక మళ్లీ వెళ్తున్నాం. ఈసారి సన్న టైర్లతో!