ధర్మపురిలో చెవులు రిక్కించి...

గుడి గంటలు, గోదారి గలగలలు, వేదపండితుల స్వస్తివాక్యాలు, శతక పద్యాల రాగాలు... ధర్మపురిని కళ్లతో చూసినవాళ్లు ఎందరో. చెవులతో చూసిన వాళ్లు మాత్రం ఆ ఊరివాళ్లే. ఆ ధ్వనుల్ని క్యాసెట్లలో దాచుకుని, ఇప్పుడు ఇంట్లో కూర్చుని మళ్లీ వినాలనుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కొకటుంది. అదేమిటో తెలియాలంటే ఆ ఊరు వెళ్లాల్సిందే!

జగిత్యాల నుంచి బస్సెక్కితే దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది ధర్మపురి. రోడ్డు దిగి నాలుగడుగులు లోపలికి వేస్తే లారీల హారన్లు వెనకబడి గుడి మైకు వినిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళితే గోదావరి. ఇక్కడ నది దక్షిణ దిశగా మలుపు తిరుగుతుంది. అందుకే దీన్ని దక్షిణవాహిని అంటారు. ఈ నీళ్లలో మునిగితే పుణ్యమని నమ్మకం. 2003లోనూ 2015లోనూ పుష్కరాలకు ఈ మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. మళ్లీ పుష్కరాలు 2027లో.

లక్ష్మీనరసింహస్వామి గుడికి వచ్చేవాళ్లు పక్కనే ఉన్న రామలింగేశ్వరుణ్నీ వేంకటేశ్వరుణ్నీ దర్శించుకుంటారు. ఆపైన అందరూ ఆసక్తిగా వెతికేది యమధర్మరాజు గుడిని. 'ధర్మపురికి వస్తే యమపురి ఉండదు' అన్న నానుడి పుట్టింది అందుకే. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు మొదలైతే బ్రహ్మపుష్కరిణిలో తెప్పోత్సవం, డోలోత్సవం చూడటానికి పల్లెలకు పల్లెలే కదిలొస్తాయి.

పద్యం పుట్టిన ఊరు

ధర్మపురి పేరు తెలుగునాట ప్రతి ఇంటికీ చేర్చింది మాత్రం రోడ్లూ బస్సులూ కాదు, పద్యాలు. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిది ఈ ఊరే. మకుటంలోనే ఊరి పేరు పెట్టి స్వామిని పిలిచాడాయన. మన తాతల తరంలో బడికెళ్లిన పిల్లలకు ఆ పద్యాల్లో కొన్నయినా నోటికి రాకుండా ఉండేవి కావు. సీసపద్యం చదవాలంటే ఊపిరి కావాలి. నాలుగు పొడవాటి పాదాలు సాగి సాగి, చివర తేటగీతిలో దిగి, మకుటం దగ్గర ఆగాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో రాగం. కాగితం మీది పద్యం ఒకటే అయినా గొంతు మారితే మారిపోతుంది. ఆ గొంతు పోతే రాగమూ పోతుంది.

పోకుండా కొన్నాళ్లయినా ఆపింది గల్ఫ్!

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల... ఈ ప్రాంతాల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీలకు వెళ్లనివాళ్లున్న ఊరు అరుదు. 1970లు, 80లలో సెలవుకు ఇంటికి వచ్చేవాళ్ల సామాన్లలో సెంటు సీసాలు, దుప్పట్లతోపాటు తప్పకుండా ఉండేది 'టూ ఇన్ వన్'. అంటే రేడియో, టేప్‌రికార్డరు కలిసిన పెట్టె. దాంతో పాటలే కాదు, ఉత్తరాలూ వినేవాళ్లు. రాయడం రాని ఇల్లాలు క్యాసెట్లో మాట్లాడి దుబాయ్ వెళ్లేవాళ్ల చేతికిచ్చేది. అటు నుంచి భర్త గొంతు అలాగే వచ్చేది. ఇంట్లో పెద్దాయన పద్యం చదివితే, పక్కింటావిడ బతుకమ్మ పాట పాడితే, గుళ్లో హరికథ జరిగితే అవీ అందులోకే ఎక్కేవి.

చెవి పోయిందా?

గుడి వీధుల్లో ఓ పాత పెంకుటింట్లో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గర అలాంటి క్యాసెట్లు ఓ పెట్టె నిండా ఉన్నాయి. అందులో ఒకటి వాళ్ల నాన్నగారు చదివిన శతక పద్యాలది. మనవడు వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్లో వేసిచ్చాడు. కొడుకు మంచివని చెప్పి ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనిచ్చాడు. తీరా పెట్టుకుంటే... ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపించిందట.

''సౌండు మొత్తం పెంచినా గంతే. నా చెవులే పోయినయనుకున్న బిడ్డా. ఇంట్ల ఎవలకు చెప్పలే'' అన్నారాయన నవ్వుతూ. నెల రోజులు ఆ పెట్టె జోలికే పోలేదట.

పోయింది చెవి కాదు, చాలనిది వోల్టేజీ. హెడ్‌ఫోన్ల మీద 300 ఓంలు అని రాసి ఉంది. అసలు కథంతా అందులోనే ఉంది.

ఓంల లెక్క ఇదీ...

కరెంటు ప్రవాహానికి హెడ్‌ఫోన్ కలిగించే అవరోధాన్ని ఇంపెడెన్స్ అంటారు. దాన్ని ఓంలలో కొలుస్తారు. ఫోన్లతో వాడే మామూలు ఇయర్‌ఫోన్లు 16 నుంచి 32 ఓంలు ఉంటాయి. సంగీతప్రియులు, స్టూడియోలవాళ్లు వాడే వాటిలో కొన్ని 250, 300, 600 ఓంల దాకా ఉంటాయి. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 2003లో వచ్చిన హెచ్‌డీ 650 రెండూ 300 ఓంలవే. బేయర్‌డైనమిక్ కంపెనీ అయితే డీటీ 880, డీటీ 990 రకాలను 32, 250, 600 ఓంలు... ఇలా వేర్వేరుగా తయారుచేసింది.

ఇంటిపైన నీళ్ల ట్యాంకును గుర్తుచేసుకోండి. పైపు లావుగా ఉంటే ట్యాంకు కాస్త కిందున్నా నీళ్లు బాగానే వస్తాయి. పైపు సన్నగా ఉంటే ట్యాంకు ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తే వోల్టేజీ. ఒక వోల్టు ఇస్తే 32 ఓంల హెడ్‌ఫోన్‌కు దాదాపు 31 మిల్లీవాట్ల శక్తి అందుతుంది. అదే వోల్టుకు 300 ఓంల దానికి అందేది 3.3 మిల్లీవాట్లే. 600 ఓంల దానికైతే 1.7. చాలా ఫోన్లు ఇవ్వగలిగేది ఆ ఒక్క వోల్టు, లేదంటే అంతకన్నా తక్కువ. ఇక పద్యం బావిలోంచి రాకేం చేస్తుంది!

మరి అంత అవరోధం పెట్టడమెందుకు? హెడ్‌ఫోన్ లోపల పల్చటి పొరకు అతికించిన తీగచుట్ట ఉంటుంది. సన్నటి తీగతో ఎక్కువ చుట్లు చుడితే ఓంలు పెరుగుతాయి. చుట్ట తేలిగ్గా ఉంటే పొర చురుగ్గా కదులుతుంది. పైగా స్టూడియోల్లో ఒకే యాంప్లిఫయర్‌కు నాలుగైదు హెడ్‌ఫోన్లు తగిలించినా దానిమీద భారం పడదు. అయితే 'ఓంలు ఎక్కువైతే నాణ్యత ఎక్కువ' అనుకుంటే పొరపాటు. తక్కువ ఓంలలోనూ మంచివి బోలెడు. ఎంత శక్తికి ఎంత ధ్వని ఇస్తుందో చెప్పే సెన్సిటివిటీ అంకె కూడా చూడాలి.

ఆ మాస్టారి సమస్యకు మందు బొటనవేలంత పరికరం. ఫోన్లోని అంకెల్ని ధ్వనిగా మార్చి, రెండు వోల్టుల దాకా ఇచ్చే చిన్న డీఏసీ. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మనవడే సంక్రాంతి సెలవులకు వస్తూ తెచ్చాడు. వోల్టేజీ రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. 300 ఓంలకు 13 మిల్లీవాట్లు. ఇంట్లో వినడానికి అది చాలు.

''నాయిన పద్యం చదువుడు నాకు ఎరుకే. వెనకాల గుడిగంట మోగుతున్నది, వంటింట్లకెళ్లి అమ్మ పిలుస్తున్నది... గీ ముచ్చట నలభై ఏండ్లల ఎన్నడు ఇనలే'' అని చెప్పారాయన. టూ ఇన్ వన్ చిన్న స్పీకర్లో ఆ సన్నటి చప్పుళ్లన్నీ కలిసిపోయి ఉండేవి. పద్యానికీ పద్యానికీ మధ్య పీల్చుకున్న ఊపిరి కూడా ఇప్పుడు వినిపిస్తుంది. దాంతోపాటే టేపు 'స్‌స్‌స్' మనడమూ వినిపిస్తుందనుకోండి. మంచి హెడ్‌ఫోన్ మంచినీ చెడునీ రెంటినీ దాచదు.

ధర్మపురికి సరిపోతాయా?

నిజం చెప్పాలంటే, రోజంతా కాదు. ఈ తరహా హెడ్‌ఫోన్లలో ఎక్కువ భాగం వెనకవైపు జాలీ ఉన్నవే. ధ్వని విశాలంగా, ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. కానీ బయటి చప్పుడు లోపలికి వస్తుంది, లోపలిది బయటికి పోతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో వీధి మైకు కింద కూర్చుని వింటే ఏమీ దక్కదు. బస్సులో వింటే పక్కవాళ్లకు ఇబ్బంది. గుడి తలుపులు మూశాక, ఊరు సద్దుమణిగాక, ఇంట్లో కూర్చుని వినాల్సినవి ఇవి. బయటి మోతను గెలవడానికి సౌండు పెంచామా... చెవికే ముప్పు.

ఆ ముప్పు సంగతి సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలక్కడ. ఏళ్ల తరబడి అలాంటి మోతలో ఉన్నవాళ్లకు ముందుగా తగ్గిపోయేది సన్నటి, కీచు ధ్వనులు వినే శక్తి. హెడ్‌ఫోన్లతోనూ అదే జరగొచ్చు. పెద్దలు 80 డెసిబెళ్ల స్థాయిలో వారానికి 40 గంటల దాకా వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే 90 డెసిబెళ్లయితే నాలుగు గంటలే! పిల్లలకు 75 డెసిబెళ్లు దాటకూడదు. విన్నాక చెవుల్లో 'గుయ్'మంటే సౌండు ఎక్కువైనట్టే. పరికరం మార్చినా మాటలు స్పష్టంగా వినిపించకపోతే మాస్టారిలా మనసులో పెట్టుకోకుండా చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

కొనే ముందు...

* మీరు దేనితో వింటారో ముందు తేల్చుకోండి. ఉత్త ఫోనే అయితే 32 ఓంల దగ్గర ఆగడం మేలు. 250, 300 ఓంలకు రెండు వోల్టులిచ్చే చిన్న డీఏసీ, 600 ఓంలకు బల్లమీద పెట్టుకునే యాంప్లిఫయర్ మంచిది. బడ్జెట్లో దాని ఖర్చు కూడా కలపండి.

* గల్ఫ్ నుంచి తెచ్చిన పాత స్టీరియో యాంప్లిఫయర్ అటకమీద ఉంటే పారేయకండి. వాటిలో చాలావాటి హెడ్‌ఫోన్ సాకెట్‌కు స్పీకర్ల యాంప్లిఫయర్ నుంచే సిగ్నల్ వస్తుంది. ఎక్కువ ఓంల హెడ్‌ఫోన్లను అవి సునాయాసంగా పలికిస్తాయి. సౌండు బాగా తగ్గించి పెట్టుకున్నాకే తగిలించండి.

* కొత్త పాటతో పరీక్షించొద్దు. మీకు కంఠస్థమైన పాటో పద్యమో వినండి. తేడా ఇట్టే తెలుస్తుంది.

* అరగంటైనా తలకు పెట్టుకుని చూడండి. కళ్లద్దాలున్నవాళ్లకు చెవుల దగ్గర ఒత్తిడి పడుతుందేమో గమనించుకోవాలి. చెవి దిండ్లు, తీగ విడిగా దొరుకుతాయో లేదో అడగండి.

* క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం వాయిదా వేయొద్దు. చాలాకాలం కదపకుండా ఉన్న టేపులో ఒక చుట్టమీది ధ్వని పక్క చుట్టకు అంటుకుని, మాట కన్నా ముందే దాని నీడ వినిపిస్తుంది. ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, టేపును ఒకసారి ముందుకూ వెనక్కూ చుట్టి, ఆ తర్వాత రికార్డు చేయండి.

ఇలా వెళ్లొచ్చు

హైదరాబాద్ నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా బస్సులో వెళ్లాలి. కరీంనగర్ నుంచి ధర్మపురి దాదాపు 75 కి.మీ. దారిలోనే కొండగట్టు అంజన్న దర్శనమూ అయిపోతుంది. రైల్లో వచ్చేవాళ్లు కాజీపేట-బల్హార్షా మార్గంలో మంచిర్యాలలో దిగి, రాయపట్నం వంతెన మీదుగా గోదావరి దాటి రావొచ్చు. అక్కడి నుంచి 40 కి.మీ. పైచిలుకు. పెద్దపల్లి-నిజామాబాద్ మార్గంలో లింగంపేట-జగిత్యాల స్టేషనూ ఉంది. వీలైతే ఒక రాత్రి ఉండి, తెల్లవారుజామునే గోదారి మెట్ల దగ్గరికి వెళ్లండి. అక్కడ మాత్రం హెడ్‌ఫోన్లు సంచిలోనే ఉంచండి!