రెంటచింతలలో పదో తరగతి పిల్లలు

గుంటూరులో మాచర్ల రైలెక్కితే సత్తెనపల్లి వైపు పత్తి, మిరప చేలు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు. నడికుడి దగ్గర మాచర్ల లైను చీలుతుంది. ఆ లైనులో వచ్చే గురజాల లూథరన్ సంఘాలవారికి తెలిసిన పేరే. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారు 1849లో పల్నాడు పని కోసం ఆ ఊరిలోనే కాపురం పెట్టారు. ఆ తరువాత రెంటచింతల. వేసవి వచ్చిందంటే వార్తలలో ఎండల లెక్క చెప్పేటప్పుడు తప్పక వినబడే ఊరది. లూథరన్ సంఘంవారి అంధుల పాఠశాల ఇక్కడే ఉన్నది.

మార్చి నెలాఖరున, పదో తరగతి పరీక్షలు ముగిసిన మరునాడు వెళ్లాను. పెట్టెలు సర్దుకుంటున్న పిల్లలు నలుగురు నా దగ్గర కూర్చున్నారు. ఒకడు బ్రెయిలీ పలక తెచ్చి నా చేతికిచ్చాడు. దళసరి కాగితం బిగించి, సన్నని మొన గల పుల్లతో చుక్కలు పొడవాలి. రాయడం కుడి నుండి ఎడమకు. కాగితం తిప్పితే చుక్కలు పైకి తేలతాయి, అప్పుడు ఎడమ నుండి కుడికి చదువుకోవాలి. ఆరు చుక్కలతోనే అక్షరాలన్నీ. 1951లో భారతి బ్రెయిలీ ఒప్పుకున్నప్పటి నుండి ‘క’ అనే శబ్దానికి తెలుగులోనూ హిందీలోనూ ఒకే చుక్కలు. నా పేరు రాయబోయి మూడు అక్షరాలకే చెమటలు పట్టాయి. పిల్లలు బాగా నవ్వుకున్నారు.

పరీక్షలో మాత్రం వీరు నోటితో చెబితే సహాయకుడు రాస్తాడు. అది తేలిక అనుకునేవారున్నారు. లెక్కల పరీక్ష సంగతి ఆలోచించండి. పై మెట్టులో ఏమి చెప్పామో తలలో నిలుపుకొని కింది మెట్టు చెప్పాలి. “రాసే తమ్ముడికి గుణకారం రాకపోతే నేనే నేర్పాలండీ” అన్నాడొకడు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి.

ఇంతలో ఒక పిల్లవాని తండ్రి వచ్చారు. కౌలు రైతు. కొడుకుని తీసుకుపోవడానికి వచ్చారు. ముందు ఏమి చదివిస్తారని అడిగాను. “ఇంకెందుకయ్యగారూ? పింఛను వస్తుంది, ఇంటి పట్టున ఉంటాడు. బయట ఎవరు చూసుకుంటారు?” అన్నారు. ఆయనది ప్రేమ కాదని ఎవరు అనగలరు? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలయింది. పేద ఇంట అది చిన్న మొత్తమేమీ కాదు. అయినా పదిహేనేళ్ల పిల్లవాడిని ఆ డబ్బు చూసుకొని అరుగు మీద కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాలేదు. కొడుకు తల వంచుకొని పెట్టె తాళం సవరిస్తున్నాడు.

అప్పుడు ఆయనకు కట్టా సింహాచలం గారి సంగతి చెప్పాను. కోనసీమలోని గూడపల్లి వారిది. పుట్టుకతోనే చూపు లేదు. ఉపాధ్యాయుడిగా పనిచేశారు, సివిల్స్ రాసి ఐ.ఎ.ఎస్. అయ్యారు. రంపచోడవరం ఐ.టి.డి.ఎ. ప్రాజెక్టు అధికారిగా పనిచేశారు. అందరూ కలెక్టర్లు కాలేరు, నిజమే. బి.ఇడి. చేసి బడిపంతులు కావచ్చు, బ్యాంకులో చేరవచ్చు, లా చదవవచ్చు. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాలలో వికలాంగులకున్న 4 శాతంలో 1 శాతం చూపు లేనివారికి, చూపు తక్కువవారికి. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలలో వికలాంగులకు 5 శాతం సీట్లు. దానికి సదరం సర్టిఫికెట్ సిద్ధంగా ఉండాలి. ఆ తండ్రి అది ఇంటి దగ్గర ఉన్నదన్నారు.

నలుగురిలో ఒకడికి సైన్సు మీద మనసు. మచిలీపట్నం దగ్గర సీతారామపురానికి చెందిన బొల్లా శ్రీకాంత్ గారు పదో తరగతి తరువాత సైన్సు అడిగితే అంధుడని ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి గెలిచి, అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, 2012లో బొల్లాంట్ కంపెనీ పెట్టారు. ఈ కథ ఆ పిల్లవాడికి నాకంటే బాగా తెలుసు. పాఠాలు బ్రెయిలీలో దొరకకపోతే ఎలా అంటే, కంప్యూటరు చదివి వినిపిస్తుందిగా అన్నాడు. తెర మీది అక్షరాలను పలికే ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత ప్రోగ్రామును 2006లో మొదలుపెట్టింది చూపు లేని ఒక ఆస్ట్రేలియా యువకుడే. తెలుగు కూడా పలుకుతుంది.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “కాలేజీకి రోజూ ఎవరు దింపుతార్రా?” అని కొడుకునే అడిగారు.

“మన ఊరి నుండి రెండు బస్సులు నాన్నా. రెండోది ఆసుపత్రి ముందు ఆగుతుంది. అక్కడి నుండి కాలేజీ గేటుకు ఎంత దూరమో సంక్రాంతి సెలవుల్లో తమ్ముడితో నడిచి చూశాను” అన్నాడు వాడు.