ఆ గుట్టల పాత పేర్లు

నిరుడు దసరా సెలవులకు ఇంకో వారం సెలవు కలుపుకొని ఆస్ట్రేలియా వెళ్ళొచ్చాను. మా గూడెంలో కొందరు ఇప్పటికీ నమ్మరు. మా చెల్లెలి కూతురు అక్కడ టూవూంబా అనే ఊళ్ళో నర్సుగా పనిచేస్తోంది. మన ఆశ్రమ పాఠశాలలోనే చదువుకున్న పిల్ల. "పెద్దమ్మా, నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కదా, నిన్ను విమానం ఎక్కించేది నేనే" అని రెండేళ్ళు వెంటపడి టికెట్టు పంపింది. సముద్రం చూపించింది, పెద్ద పెద్ద అంగళ్ళు చూపించింది. అవన్నీ చూసి మర్చిపోయాను. గుట్టల్లో నడిచిన ఒక్క రోజు మాత్రం నాతోనే ఉంది. ఆ రోజు గురించి చెబుతాను.

ఆ చోటు పేరు గిరవీన్ జాతీయ పార్కు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి దక్షిణం అంచున ఉంది. టూవూంబా నుంచి కారులో రెండు గంటల పైనే పట్టింది. దారిలో స్టాన్‌థోర్ప్ అనే ఊరు దాటాక ఆపిల్ తోటలు, ద్రాక్ష తోటలు. ఆ తర్వాత చెట్ల మధ్యలోంచి బండలు తలలెత్తాయి. ఇల్లంత గుండ్లు, గుడి అంత గుండ్లు. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతాయా అన్నట్టు నిలబడి ఉన్నాయి.

అదంతా గ్రానైటు రాయి. సుమారు 24 కోట్ల సంవత్సరాల కిందట భూమి లోపల కరిగి ఉన్న రాయి పైకి రాకుండా లోపలే మెల్లగా చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలు వానలకు అరిగిపోయాక ఇది బయటపడింది. పగుళ్ళలోకి నీళ్ళు దిగి మూలలు అరగదీస్తే పలకలు గుండ్లయ్యాయి. ఎండకూ చలికీ బండ పైపొర ఉల్లిపాయ పొట్టులా ఊడిపోతుంది. ఊడిన పొరలను చేత్తో తాకి చూశాను. ఐదో తరగతి పిల్లలకు రాళ్ళ పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డు మీద గీసే బొమ్మ కంటే ఆ ఒక్క రాయి ఎక్కువ చెప్పింది.

మనకు దసరా అంటే వానలు వెనకబడే కాలం. అక్కడ అది వసంతం. ఇసుక నేలలో, బండ పగుళ్ళలో, పిడికెడు మట్టి నిలిచిన ప్రతి చోటా పూలే. చిక్కుడు పువ్వులాంటి పసుపు పూలు, బొరోనియా అనే గులాబి రంగు పూలు, ముట్టుకుంటే ఉన్నిగుడ్డలా ఉండే తెల్లని ఫ్లానెల్ పూలు. చుట్టూ యూకలిప్టస్ అడవి. మన దగ్గర కాగితం మిల్లుల కోసం వరసలుగా నాటే జామాయిల్ చెట్టుకు పుట్టిల్లు ఆ దేశమే. మన జామాయిల్ తోటలో నేల బోసిగా ఉంటుంది. అక్కడ అదే జాతి చెట్ల కింద ఇన్ని పూలు చూసి నాకు వింతగా అనిపించింది. పుట్టిన చోట అది తోట కాదు, అడవి.

ఒక పువ్వు కోసి జడలో పెట్టుకుందామని చెయ్యి చాచాను. "పెద్దమ్మా, ఇక్కడ కోయకూడదు" అంది మా పిల్ల. పువ్వు కోయకూడదు, రాయి తీసుకెళ్ళకూడదు, కుక్కను తేకూడదు. నాకు కష్టమనిపించలేదు. కొత్తల పండుగ కాకముందు మామిడికాయ కొరకని ఇంట్లో పుట్టినదాన్ని. ఆగడం మనకు కొత్త కాదు. మనకు పెద్దలు చెబుతారు, అక్కడ బోర్డు చెబుతుంది.

నడక దారులు చాలా ఉన్నాయి. గంటలో తిరిగొచ్చేవి ఉన్నాయి, రోజంతా పట్టేవి ఉన్నాయి. మేము ముందు రాతి కమాను చూశాం. రెండు మూడు పెద్ద గుండ్ల మీద ఇంకో గుండు అడ్డంగా కూర్చుంటే కింద నుంచి మనిషి నడిచిపోవచ్చు. అక్కడి నుంచి పిరమిడ్ అనే గుట్ట ఎక్కాం. సగం దూరం అడవిలో రాతి మెట్లు. ఆ తర్వాత చెట్టు లేదు, మెట్టు లేదు, ఏటవాలు నున్న బండ. జారుతుందేమో అని బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను. వట్టి కాలికి బండ పట్టు దొరికింది. మా పిల్ల నవ్వింది. నలభై ఆరేళ్ళ మోకాళ్ళు నొప్పెట్టాయి కానీ పాదాలు మాత్రం మా ఊరి గట్టు ఎక్కుతున్నట్టే ఎక్కాయి.

పైన కూర్చుని దారుల పటం విప్పాం. చుట్టూ కనిపించే గుట్టల పేర్లు ఒక్కొక్కటీ చదివింది. పిరమిడ్, స్ఫింక్స్, క్యాజిల్ రాక్, మౌంట్ నార్మన్. నాకు అక్కడే ఏదో తట్టింది. పిరమిడ్, స్ఫింక్స్ ఈజిప్టువి. క్యాజిల్ అంటే దొరల కోట. ఆస్ట్రేలియా గుట్టలకు ఈ పేర్లేమిటి?

"మరి వీటి పాత పేర్లేమిటమ్మా?" అని అడిగాను.

ఆమె ఫోనులో వెతికింది. కిందికి దిగాక పార్కు వాళ్ళ సమాచార పలకలు కూడా చదివాం. ఆ ప్రాంతంలో ఆదివాసీ తెగలు వేల ఏళ్ళు బతికాయి. 1840లలో తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడ్డాక వాళ్ళ ఆచారాలు, కథలు చాలావరకు పోయాయి. గురుతులు పెట్టిన చెట్లు, రాతి పనిముట్లు కొన్ని మిగిలాయి. 1930 ప్రాంతంలో అక్కడ రెండు చిన్న పార్కులు ఏర్పడ్డాయి. 1966లో ఆ రెండింటినీ కలిపి గిరవీన్ అని పేరు పెట్టారు. అది ఆదివాసీ మాటేనని, 'పూలుండే చోటు' అని అర్థమని చెబుతారు. పార్కుకు ఆ పేరు వచ్చింది కానీ, అందులోని గుట్టలకు ఈజిప్టు పేర్లే మిగిలాయి. మా కాళ్ళ కింది బండను దాని సొంత మనుషులు ఏమని పిలిచేవారో మాకు ఎక్కడా దొరకలేదు.

అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. అదే రాష్ట్రంలో ఫ్రేజర్ అనే పెద్ద ఇసుక దీవి ఉంది. దాని పాత పేరు గర్రి 2023లో ప్రభుత్వ పేరుగా తిరిగి వచ్చింది. బుచుల్లా అనే ఆదివాసీలు ఆ పేరును నోట్లో నిలబెట్టుకున్నారు, ఏళ్ళ తరబడి అడిగారు. అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి వచ్చింది. పేరు గుర్తున్నవాళ్ళే లేకపోతే ఎవరు అడుగుతారు?

తిరుగు దారిలో నేను ఎక్కువ మాట్లాడలేదు. నా పాత తప్పు ఒకటి గుర్తొచ్చింది.

నేను కోయదాన్ని. మాది పాపికొండల అంచున ఉన్న ఊరు. ఆ అడవి 1978లో అభయారణ్యం అయింది, 2008లో జాతీయ పార్కు అయింది. నేను డి.ఎడ్ చేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండో తరగతి పరీక్షలో 'మనం ఏమి తాగుతాము?' అన్న ప్రశ్నకు ఒక పిల్లాడు 'ఏరు' అని రాశాడు. మన భాషలో ఏరు అంటే నీళ్ళే. తెలుగులో ఏరంటే వాగు, నది. నాకు తెలుసు. తెలిసే ఎర్ర పెన్నుతో కొట్టేశాను. "నదిని తాగుతావా?" అని అందరి ముందూ అడిగాను. క్లాసంతా నవ్వింది. వాడు ఆ తర్వాత నాతో కోయలో మాట్లాడలేదు. నాలుగో తరగతికల్లా బడి మానేశాడు. నా మాట ఒక్కటే కారణమని అనను. నా మాట కూడా ఉంది.

అక్కడి పేర్లు పోవడానికి వాళ్ళ మీదికి గుర్రాల మీద ఎవరో రావలసి వచ్చింది. మన దగ్గర ఎర్ర పెన్ను చాలు. పట్టుకున్నది మనవాళ్ళే అయినా సరే.

ఇంటికొచ్చాక మా అమ్మను అడిగాను. ఘాట్ రోడ్డు పడకముందు మావాళ్ళు సంతకు గుట్ట మీదుగా నడిచి పోయేవాళ్ళు. ఆ దారిలో ప్రతి మలుపుకూ పేరుంది. ఒక శనివారం నాలుగు, ఐదు తరగతుల పిల్లలను తీసుకొని అమ్మతో బయలుదేరాం. కర్ర పట్టుకొని అమ్మ ముందు, నోటుపుస్తకాలతో పిల్లలు వెనక. అమ్మ ఆగిన ప్రతి చోటా ఒక పేరు, ఒక కథ. ఒక పేరుకు అర్థం ఎలుగుబంటి నీళ్ళు తాగే చోటని. ఇంకొక దానికి, గంప దించి ఊపిరి పీల్చుకునే బండ అని. పిల్లలు కోయలో ఎలా పలికితే అలాగే తెలుగు అక్షరాల్లో రాశారు. నేను ఒక్కటీ దిద్దలేదు. మొత్తం పదకొండు పేర్లు.

రెండో వాగు దాటాక ఒక పెద్ద గుండు దగ్గర అమ్మ ఆగిపోయింది. చాలాసేపు నిలబడింది. "దీనికి పేరుంది. మా అత్త చెప్పేది. నోటికి రావడం లేదు" అంది. ఆమె ఈడువాళ్ళు మా ఊళ్ళో ఇంకెవరూ లేరు.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి దారి ఉండే ఉంటుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఫోనులో వీడియో తీస్తారు కదా, అవ్వ నడుస్తుంటే ఒకసారి తీయండి. తోటి టీచర్లూ, పరిసరాల పాఠం ఒక్కరోజు ఆ దారిలో చెప్పండి. పెద్దలు ఓపికగా నడవగలిగినప్పుడే ఈ పని కావాలి.

మా పిల్లలు ఆ గుండుకు పన్నెండో నంబరు వేసి పక్కన గీత గీసి ఖాళీగా ఉంచారు. పక్క గూడెంలో అమ్మ కంటే పెద్దామె ఒకరు ఉన్నారట. సంక్రాంతి సెలవులు ఇవ్వగానే పుస్తకం పట్టుకొని అక్కడికి వెళ్తాం.