నల్లగుడ్డు మీది పొరను అచ్చు వేస్తున్నారు

రైతన్నలారా, కోతలు దగ్గర పడ్డాయి. ఈసారి పంట గురించి కాదు, మన కంటి గురించి చెప్తా. ఓపిగ్గా చదవండి.

వరాకు కంట్లో గీసుకోవడం, నూర్చేటప్పుడు పొట్టు పడటం మనకు మామూలే. ఆ చిన్న గాయంలోకి బూజు చేరిందంటే పుండవుతుంది. పుండు మానినా తెల్లగా పువ్వు వేస్తుంది, చూపు పోతుంది.

ఎందుకు తెల్లబడుతుందంటారా? నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. కార్నియా అంటారు. మందం అర మిల్లీమీటరు. అందులో ఎక్కువ భాగం నీళ్లు, కొల్లాజెన్ అనే పోగులు. మన చర్మంలో ఉండేదీ ఆ జాతి పోగులే. కానీ చర్మంలోంచి అవతలిది కనపడదు, దీన్లోంచి కనపడుతుంది. కిటుకంతా అల్లికలో ఉంది. సన్నటి పోగులు సాళ్లు తీసి నాటినట్టు ఒకే ఎడంతో, పొర మీద పొరగా ఉంటాయి. పుండు మానేటప్పుడు ఆ సాళ్లు చెదిరిపోతాయి. పువ్వంటే అదే.

ఇలాంటి సరుకు కొత్తగా పుట్టించడం తేలిక కాదు. అందుకే మన హైదరాబాద్ శాస్త్రవేత్తలు ప్రకృతి చేసిపెట్టిన దాన్నే ముడిసరుకుగా తీసుకున్నారు. జూబ్లీహిల్స్ పక్కనే, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది కదా. ఏలూరు దగ్గర సోమవరప్పాడు రైతు కుటుంబంలో పుట్టి సినిమాల్లో ఎదిగిన ప్రసాద్ గారు ఇచ్చిన స్థలం, డబ్బుతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టారు. ఆ ఆస్పత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి ఈ పని చేశాయి. దానంగా వచ్చిన కార్నియాల్లోంచి పాత కణాలన్నీ తీసేసి, మిగిలిన పోగుల్ని జావలా చేశారు. అందులో మనిషి కంటి మూలకణాలు కలిపి, త్రీడీ ప్రింటర్‌తో కొత్త పొరను అచ్చు వేశారు. దాన్ని కుందేలు కంటికి అమర్చామని 2022లో ప్రకటించారు. మనుషులకు వాడాలంటే ఇంకా పరీక్షలు దాటాలి.

అంటే ఇవాళ మన కన్ను చెడితే రేపే అచ్చు వేసింది పెడతారని కాదు. కంటికి దెబ్బ తగిలితే పసరు, ఆముదం, చనుబాలు పోయకండి. మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే బూజు పుండు ఇంకా ముదురుతుంది. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోండి. నూర్పిళ్లప్పుడు ఓ కళ్లద్దం పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఆ జావకు ముడిసరుకు ఏ ఫ్యాక్టరీలోనూ దొరకదు. ఎవరో ఇస్తేనే వస్తుంది. మనిషి పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి. ఇంట్లో వాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టండి.