రాత్రిపూట మీ హాస్టల్ గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మేము కర్నూలులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. కొందరం సుగాలి తండాల నుంచి, కొందరం నల్లమల చెంచుగూడేల నుంచి వచ్చినోళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా కాంపౌండులోనే బడిపిల్లల హాస్టల్ కూడా ఉంది.

పోయిన వానాకాలం ఒక రాత్రి, ఎనిమిదో తరగతి పిల్లోడు కడుపునొప్పి అని లేసినాడు. తిన్నది పడలేదేమో అని వాము నమిలించినాం. గంటసేపు అట్లే పోయింది. అంతలో వాని రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైంది. మాలో చెంచు తమ్ముడు ఒకడు చూసి, "అన్నా, ఇది కట్లపాము పని" అన్నాడు. ఎంత వెతికినా గాటు కనపడలే.

గేటుకు తాళం. తాళంచెవి వాచ్‌మెన్ దగ్గర, వాచ్‌మెన్ ఇంటికాడ. పిల్లోన్ని చేతులు మార్చుకుంటా గోడ దాటించి, 108లో పెద్దాసుపత్రికి తీసుకుపోయినాం. బతికినాడు. బక్కపిల్లోడు కాబట్టి సరిపోయింది, అదే పదో తరగతి వాడైతే ఆ గోడ దాటించగలిగేవాళ్లమా?

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, కింద పడుకున్నోళ్లనే కరుస్తుందంట. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనపడకపోవచ్చు. తాడు బిగించి కట్టకూడదు, కొయ్యకూడదు. కదలనీయకుండా విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చాల. మా అవ్వ ఇప్పటికీ తాడు, మంత్రం అనే అంటుంది. ఆమెతో వాదించి గెలవలేం, పిల్లలకు మాత్రం నేర్పినాం.

మరుసటి వారం తాళంచెవి అడిగితే సార్ ఒప్పుకోలే. "మీకిస్తే సెకండ్ షోకు పోతారు" అన్నాడు. ఆయన భయం ఉత్తదేం కాదు. 2004లో కుంభకోణం బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు పోయిన సంగతి చెప్పినాం, ఆడ బయటపడే దారి ఇరుకు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఈ కర్నూలునే ముంచినాయి కదా సార్, కరువు సీమ అని ధీమాగా ఎట్లుంటాం అన్నాం. ఆఖరికి రెండో తాళంచెవి ఇచ్చినారు. రోజుకు ఇద్దరు సీనియర్లు రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోవాల. ఒకడు సినిమాకు పోయినాడు కూడా. వాని పేరు మేమే కొట్టేసినాం.

గదికొక టార్చి పెట్టినాం. ఆసుపత్రి, 108, 101 నంబర్లు గోడ మీద పెయింటుతో రాసినాం. నెలకొకసారి రాత్రి బెల్లు కొట్టి అందరినీ బయటికి తెస్తాం. మొదటిసారి సగం మంది నిద్రమత్తులో గేటు వదిలేసి గోడ దిక్కే ఉరికినారు. నవ్వొచ్చింది కానీ, వాళ్లు చూసిన దారి అదే కదా.

దోమతెరలు తలా ఇంత వేసుకుని కొన్నాం. అంచులు పరుపు కిందికి దోపుకుంటే పాము లోపలికి రాదు. మంచాలు మాత్రం ఇంకా రాలేదు. మూడో అర్జీ పోయిన సోమవారం ఇచ్చినాం.