అన్నవరం దారిలో పెళ్లి పనులు

రాజమండ్రి నుంచి అన్నవరానికి జాతీయ రహదారి మీద తిన్నగా వెళ్తే రెండు గంటల్లో చేరిపోవచ్చు. నాకు మాత్రం ఆ దారి ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. కడియంలో దిగాలి, ఆత్రేయపురం వైపు ఓసారి తిరగాలి, తాపేశ్వరంలో ఆగాలి, పిఠాపురం మీదుగా ఉప్పాడ వెళ్లాలి, అప్పుడు గాని రత్నగిరి ఎక్కడం కుదరదు. పదమూడేళ్లుగా పెళ్లిళ్ల ఏర్పాట్లు చూడడమే నా జీవనాధారం. ఈ పనిలో నాకు తెలిసిందేదైనా ఉంటే అది ఈ ఊళ్లు నేర్పిందే. కొండ మీద పిల్ల పెళ్లి చేద్దామనుకునే అమ్మలకి అక్కరకొస్తుందేమోనని రాస్తున్నాను.

ముందు ముహూర్తాల సంగతి చెప్పాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకి పనికిరావు. దానికి తోడు గురుమూఢమో శుక్రమూఢమో వచ్చిందంటే మరికొన్ని వారాలు గల్లంతు. అందుకని ఏడాది పొడుగునా జరగాల్సిన పెళ్లిళ్లన్నీ కొద్ది రోజుల్లోనే కూరుకుని వచ్చిపడతాయి. ఆ నాలుగు రోజులూ పూలకి రెక్కలొస్తాయి, వంటవాళ్లు ఫోను ఎత్తరు, సత్రంలో గది దొరికితే లాటరీ తగిలినట్టే. మిగతా రోజుల్లో అదే సన్నాయి మేళం ఆయన ఇంటికి వెళ్లి చూడండి, డోలు గుడ్డ కప్పుకుని గోడకి వేలాడుతూ ఉంటుంది. పిల్లల స్కూలు ఫీజులు మాత్రం మూఢం చూసి ఆగవు కదా! నేను బయానా ఎప్పుడూ మూఢంలోనే ఇస్తాను. చేతిలో డబ్బు లేనప్పుడు అందిన వెయ్యి రూపాయలకి వాళ్ల దగ్గర ఉన్న విలువ, సీజనులో ఇచ్చే మూడు వేలకి లేదు. ఇచ్చిన మాట తప్పిన మేళం నాకింతవరకూ తగల్లేదు.

కడియపులంక పూల మార్కెట్టుకి తెల్లారకట్ల వెళ్లాలి. ఎండెక్కాక వెళ్తే మిగిలినవి చూసి రావడమే. బంతి, చామంతి, లిల్లీ గోనెల్లో గుట్టలుగా పోసి ఉంటాయి. కిలోల లెక్కన బేరం. కనకాంబరం మాత్రం మూరల్లోనే ముచ్చట. ముహూర్తాల రోజున ఉదయం ఒక ధర, గంట పోయాక ఒక ధర. బంతీ చామంతీ ఒకరోజు ముందే కొని నీడన పరిచి ఉంచుకోవచ్చు, మల్లెలు మాత్రం మొగ్గగా ఉండగానే తేవాలి. ఇంకో కిటుకు చెప్పనా? మండపానికి పూలే కావాలని లేదు. కడియం నర్సరీలు ఆ రోడ్డు పొడవునా ఉన్నాయి కదా, నాకు తెలిసిన ఒకాయన పూల కుండీలు రెండు రోజులకి అద్దెకిస్తాడు. అరటి చెట్లు, కొబ్బరాకు అల్లిక, మామిడి తోరణం, వరసగా ముప్ఫై కుండీలు. పూలకయ్యే ఖర్చు సగానికి పడిపోతుంది, చూడ్డానికి తోటలో పెళ్లిలా ఉంటుంది. మర్నాడు చెత్తబుట్టలో పడేదీ తక్కువే.

ఆత్రేయపురం పూతరేకుల గురించి చెప్పక్కర్లేదు, 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి కుండ మీద లాగడం, కాగితం లాంటి రేకు ఊడి రావడం... ఆ మంట దగ్గర పొద్దంతా కూర్చునేది ఆడవాళ్లే. పెళ్లికి కావాలంటే వారం ముందే చెప్పండి. వానాకాలమైతే తేమకి రేకు మెత్తబడుతుంది, డబ్బా మూత గట్టిగా ఉండాలి.

తాపేశ్వరంలో మడత కాజా తినకుండా ఎవరూ రారు. నేను వెళ్లేది మాత్రం సారె కోసం. పళ్లెమంత కాజాలు, గుమ్మడికాయంత లడ్డూలు చేయించుకుని వియ్యాలవారి వీధంతా పంచడం మా గోదావరి వాళ్ల సరదా. సరదా ఎంతవరకు వెళ్లిందో మీకు గుర్తుండే ఉంటుంది, 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించింది. ఉన్నవాళ్ల ముచ్చట, తప్పనను. దాన్ని ఫోనులో చూసి పక్కవీధి వియ్యపురాలు కనీసం వంద రకాలైనా అడుగుతుంది, అదే నా బాధ. సారెలో ఉండి తీరాల్సింది చలిమిడి. దాని చుట్టూ మీ శక్తికొద్దీ నాలుగు రకాలు చేర్చుకోండి, చాలు.

మాఘమాసంలో నేను చేయించిన ఒక పెళ్లి గురించి ఇక్కడ చెప్పాలి. పిల్ల తల్లి కుట్టుపని చేసుకుంటుంది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. మొదటిరోజే నా ముందు ఒక నోటు పుస్తకం పెట్టి, "బంగారం కాక మూడు లక్షలమ్మా. మూడు దాటితే నా మిషను అమ్ముకోవాలి" అంది. మగపెళ్లివారు మంచివాళ్లే. కాకపోతే వాళ్ల వైపు నుంచే మూడు వందల మంది వస్తామన్నారు. "అన్నవరంలో అర్ధరాత్రి ఒకటీ ఇరవైకి ముహూర్తం, అంతమంది రారక్కా" అన్నాను. కొండ మీద రాత్రి పెళ్లికి ఒప్పుకున్న చుట్టాల్లో మూడోవంతు ఇంటి దగ్గరే అక్షింతలు వేసేస్తారు. కిలో బియ్యం ఎనిమిది నుంచి పదిమందికి వస్తుందని అందరికీ తెలుసు గాని, ఎంతమంది వస్తారో చెప్పగలిగినవాడే అసలు వంటవాడు. రెండు వందల ఇరవై మందికి వండించాం. పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పనసపొట్టు కూర, బూరెలు. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోస్తే ఇంకో మూడు తీపి పదార్థాలు ఎందుకు లేవని ఎవరూ అడగరు.

చీర కోసం ఇద్దరం ఉప్పాడ వెళ్లాం. ఆ ఊరిని సముద్రం ఏటేటా కోసుకుంటూ వస్తోంది. తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ నుంచి వచ్చే బీచి రోడ్డు ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది. అలల మోత వినిపించే ఇళ్లలోనే మగ్గం గుంటలు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పేక నేస్తూనే ప్రతి బుటాకీ వేరే పోగు చేత్తో దూర్చి తిప్పుతారు. అందుకే అసలైన జాందానీకి తిరగా బోర్లా తేడా ఉండదు. చీర వెనక్కి తిప్పి చూడండి, పోగులు వేలాడుతుంటే అది మరో రకం. ఈ నేతకి 2009లోనే గుర్తింపు వచ్చినా, పేరు పెట్టుకుని అమ్మే నకళ్లకి లోటు లేదు. "ఇలాంటిది నేయాలంటే ఎన్నాళ్లు పడుతుందండీ?" అని అడిగితే, "ఆయ్, రెండు నెలలండి, పెద్ద పనైతే ఇంకానండి" అన్నాడు ఆయన మగ్గం ఆపకుండానే. అలాంటి చీర కావాలంటే నిశ్చితార్థం నాడే చెప్పుకోవాలన్నమాట.

ఆవిడ చీటీ పాడిన తొమ్మిది వేలు కొంగున కట్టుకుని తెచ్చింది. పట్టులో పెద్ద చీర రాదు. అప్పుడు నేనొక మాట గుర్తు చేశాను. మన పెళ్లిళ్లలో సుముహూర్తానికి పిల్ల ఒంటి మీద ఉండేది మధుపర్కమే. ఎర్ర అంచు నూలు బట్ట. ఫొటోల కోసం పాతిక వేల చీర కొంటారు, అది రెండు గంటలు కట్టి పెట్టెలో పెడతారు. ఆవిడ కాసేపు ఆలోచించి చిన్న బుటాల నూలు జాందానీ తీసింది, పిల్ల తర్వాత ఉద్యోగానికి కూడా కట్టుకోవచ్చని. "మరి మీకక్కా?" అన్నాను. "వెనక గదిలో వంటలు చూసుకునేదానికి నాకెందుకమ్మా కొత్తది?" అంది నవ్వుతూ.

ఆ మాటతో నాకు కడుపులో దేవినట్టయింది. పిల్లని పెంచింది, సంబంధం చూసింది, రూపాయి రూపాయి కూడబెట్టింది ఆవిడ. మంగళసూత్రం కట్టే వేళకి మాత్రం గదిలో ఉండాలట! ఎవరూ ఉండమనలేదు, తనకు తనే నిర్ణయించుకుంది. ఆవిడతో వాదించి లాభం లేదు. అక్కడి నుంచి అన్నవరం వెళ్లి పురోహితుడి గారినే అడిగాను. "కన్యాదానానికి దంపతులు కావాలి, పెదనాన్నగారూ పెద్దమ్మగారూ కూర్చుంటారు. తల్లి ఎదురుగా కూర్చోకూడదని నేను ఎక్కడా చదవలేదమ్మా" అన్నారాయన. ఇలాంటివి ముందే అడిగి పెట్టుకోవాలి. పెళ్లి పందిట్లో పదిమంది ముందు తేలే సంగతులు కావివి.

అన్నవరం కొండ చూడనివాళ్లు తక్కువ. కింద పంపానది, పైన రథం ఆకారంలో కట్టిన గుడి. కొత్త దంపతులు సత్యనారాయణ వ్రతం ఎలాగూ చేసుకోవాలి కాబట్టి పెళ్లి కూడా ఇక్కడే చేసి, తెల్లారాక వ్రతంలో కూర్చోబెడితే రెండో ప్రయాణం తప్పుతుందని చాలామంది ఆలోచన. మంచి ముహూర్తం రాత్రి కొండంతా పెళ్లే. ఒక సన్నాయి మీద ఇంకో సన్నాయి, ఎవరి గట్టిమేళం ఎవరిదో తెలీదు. ఒకసారి ఒక పెద్దాయన పక్క పెళ్లిలో చదివింపులు ఇచ్చేసి, భోంచేసి, తాంబూలం కూడా పుచ్చుకుని మా దగ్గరికి వచ్చాడు! అప్పట్నుంచి వధూవరుల పేర్లు రాసిన బోర్డు బస్సు దిగే చోట ఒకటి, మండపం దగ్గర ఒకటి తప్పకుండా పెట్టిస్తున్నాను.

ఆ రాత్రి పన్నెండున్నరకి మండపం ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచాను. పిల్ల తన మొదటి జీతంతో తల్లికి నీలం రంగు చీర కొని దాచిందని నాకు తెలుసు. పిల్లే గదిలోకి వెళ్లి కట్టించి తీసుకొచ్చింది. పెళ్లికొడుకు వైపు ఒక పెద్దావిడ ఏదో అనబోయింది. ఈలోగా పెళ్లికొడుకు తల్లి, "వదినగారి కుర్చీ ఇంకాస్త ముందుకు వేయండయ్యా, తెర తీస్తే అక్కణ్నుంచి కనబడదు" అంది. అంతే, ఇంకెవరూ మాట్లాడలేదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నేను మండపం వైపు చూడలేదు, ఆవిడ వైపే చూస్తున్నాను. తలంబ్రాలు అయ్యేదాకా ఆవిడ కదల్లేదు.

పందిట్లో చివర్న తినేది ఎప్పుడూ పిల్ల తల్లే, అప్పటికి గిన్నెల్లో అడుగూ బొడుగూ తప్ప మిగలవు. అందుకని నేను ఇరవై మందికి సరిపడా అన్నీ వేరే తీయించి మూతలు పెట్టిస్తాను, వంటవాళ్లు విసుక్కున్నా సరే. తెల్లవారుజామున మూడింటికి ఆవిడ, ఆవిడ తోటికోడలు, నేను విస్తళ్ల ముందు కూర్చున్నాం. బూరెల్లోకి నెయ్యి కూడా ఉంది.

పొద్దున్న వ్రతమయ్యాక లెక్క చూశాం. మూడు లక్షల్లో నాలుగువేల రెండు వందలు మిగిలింది. ఆవిడ నోటు పుస్తకం మూసి, ప్రసాదం కౌంటరు ముందు లైనులో నిలబడింది. బట్టలు కుట్టించుకునే ఇళ్లు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, విస్తరాకులో చుట్టిన గోధుమనూక ప్రసాదం పొట్లాలు ముప్ఫై రెండు తీసుకుంది. "మీకో నాలుగు కావాలా అమ్మా?" అంటూ లైనులోంచి కేక వేసింది.